మామిడి తోట మోటరు మళ్లీ తిరిగింది. ఇద్దరికి థ్యాంక్స్ చెప్పుకోవాలి

చంద్రగిరి దగ్గర మాకు చిన్న మామిడి తోట ఉంది. కొత్తగా నాటిన తోతాపురి మొక్కలకు డ్రిప్పు వేసినాం. బోరు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటరును రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు చూసుకుంటుంది. ట్యాంకు నిండితే నీళ్లలో తేలే ఫ్లోట్ స్విచ్ కలుస్తుంది, ఆ బోర్డు మోటరు ఆపేస్తుంది. దానికి డ్రైవర్ (పిన్నులను నడిపే ప్రోగ్రామ్) సి భాషలో నేనే రాసినాను. లైబ్రరీలేవీ వాడకుండా, నేరుగా రిజిస్టర్ల (చిప్‌కు ఆదేశాలు రాసే అరల) అడ్రస్‌లతో. అప్పట్లో అదో ఘనకార్యం అనుకున్నాలెండి. పోయిన నెల పిడుగుల వానకు ఆ రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డు కాలిపోయింది. దాని తర్వాతి మోడల్ పై 4 తెచ్చి పెట్టినాను.

మొదటి తప్పు త్వరగానే దొరికింది. జీపీఐఓ (బయటి వైర్లు తగిలించే పిన్నుల) రిజిస్టర్లు పై 3లో హెక్సాలో (16 అంకెల లెక్కలో) 3ఎఫ్200000 దగ్గర మొదలైతే, పై 4లో ఎఫ్ఈ200000 దగ్గర మొదలవుతాయి. పాత అడ్రస్‌లో ఇప్పుడు ఉండేది ర్యామ్. (చిప్ మాన్యువల్‌లో 7ఈ200000 అని ఇంకోటి కనిపిస్తుంది. అది చిప్ లోపలి భాగాలు వాడుకునే బస్ అడ్రస్, ప్రాసెసర్ వైపు నుంచి పనికిరాదు. నాకు దాంతోనే ఒక సాయంత్రం పోయింది.) అడ్రస్ మార్చగానే టెస్ట్ ప్రోగ్రామ్‌కు రిలే (మోటరుకు కరెంటు కలిపే స్విచ్) టక్కుమనింది. పని అయిపోయిందనుకున్నా.

తోటలో పెడితే మోటరు ఎక్కదు. ట్యాంకు నిండిందని చెప్తుంది. నాయన నిచ్చెనేసుకుని పైకెక్కి, లోపల చెయ్యి పెట్టి చూసి, "ఎండిపోయి ఉండాది గదరా, నిండిందంటాదేంది నీ పెట్టె?" అన్నాడు.

స్విచ్ కలిసినప్పుడు పిన్నును గ్రౌండుకు లాగుతుంది. కలవనప్పుడు పిన్ను వోల్టేజీ పైన నిలబడాలంటే చిప్ లోపలి పుల్‌అప్ (పిన్నును 3.3 వోల్టుల వైపు లాగే రెసిస్టర్) ఆన్ చేయాలి. పై 3లో దానికి ఆఫ్‌సెట్ (మొదటి అడ్రస్ నుంచి ఎంత దూరమో చెప్పే అంకె, ఇదీ హెక్సాలోనే) 94. పై 4లో ఆ పద్ధతే తీసేసి ఈ4 (E4) నుంచి కొత్త రిజిస్టర్లు పెట్టినారు. నా స్విచ్ ఉన్న జీపీఐఓ 17కు ఈ8 (E8). ఈ ఈ8 సంగతి రెండో రోజే చదివినాను, పెట్టి చూసినాను కూడా. ఏమీ మారలేదు. ఇది కాదులే అని తీసేసి మళ్లీ 94కే వచ్చినాను. ఆ తర్వాత మూడు రాత్రులు వైర్లను, స్విచ్‌ను, చివరికి ఎస్‌డీ కార్డును కూడా అనుమానించినా.

ఇక తిరుపతిలో మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్న అన్న దగ్గరికి బోర్డు ఎత్తుకుపోయినాను. ఆయనకు సి రాదు. కోడ్ చూపిస్తుంటే "అది నువ్వు పెట్టుకో సామీ" అని, స్విచ్ వైరు పీకి, 11వ పిన్నుకూ (బోర్డు మీద జీపీఐఓ 17 అదే) గ్రౌండుకూ మీటరు పెట్టినాడు. సున్నా. "చూసినావా అన్నా, పుల్‌అప్ పడలేదు" అన్నాను. ఆయన మాట్లాడకుండా డబ్బాలో వెతికి ఒక 47కే (47 వేల ఓమ్‌ల) రెసిస్టర్ తీసి, 3.3 వోల్టుల పిన్నుకూ దీనికీ మధ్య ఆనించినాడు. లోపల ఏమీ లేకపోతే మీటరు 3.3 దాకా పోవాలి. 1.7 దగ్గర నిలిచిపోయింది. "పుల్‌అప్ లేకపోవడం కాదు. లోపల ఇంకో యాభై కే కిందికి లాగుతుండాది" అన్నాడు. 94 పెట్టి ఒకసారి, ఈ8 పెట్టి ఒకసారి చూసినాం. రెండుసార్లూ అదే 1.7.

94తో అయితే సరే, అది పై 4లో లేనే లేదు, పైగా జీపీఐఓ 17 పిన్ను పవర్ వేసినప్పటి నుంచే పుల్‌డౌన్‌లో (లోపలి రెసిస్టర్ గ్రౌండు వైపు లాగుతూ) ఉంటుంది. మరి ఈ8తో కూడా ఎందుకు?

ఆ రాత్రి కాలేజీలో నాకు జూనియర్ అయిన చెల్లెలికి కోడ్ పంపినాను. పావుగంటలో జవాబు వచ్చింది: "అన్నా, ఈ8 కరెక్టే. అక్కడ నువ్వు రాసే విలువ చూడు. పాత చిప్‌లో 01 అంటే డౌన్, 10 అంటే అప్. పై 4లో ఉండే 2711 చిప్‌లో తిరగేసినారు, 01 అప్, 10 డౌన్. నువ్వు పాత 10నే అట్లే రాసినావు." అంటే పుల్‌డౌన్‌లో ఉన్న పిన్నును నేనే మళ్లీ పుల్‌డౌన్‌లో పెట్టి, ఏమీ మారలేదని అడ్రస్ మీద నింద వేసినాను. పై 4లో ఈ రిజిస్టర్‌ను తిరిగి చదవొచ్చు కూడా, పాతదాంట్లో ఆ వీలు లేదు. ఒక్కసారి చదివి ఉంటే తెలిసిపోయేది. ఆ ముక్క ఆమె అనలేదు, నాకే గుచ్చుకుంది.

ఒక్క అంకె మార్చినాను. పొద్దున కరెంటు రాగానే మోటరు ఎక్కింది, ట్యాంకు నిండగానే ఆగింది. నాయన పైకెక్కి మళ్లీ చెయ్యి పెట్టి చూసుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

చెల్లీ, పరీక్షల మధ్యలో కూడా మాన్యువల్ తెరిచి కూర్చున్నందుకు చాలా థ్యాంక్స్. తోతాపురి కాపుకొచ్చినాక మొదటి గంప మీ ఇంటికే. అన్నా, నువ్వు డబ్బులు తీసుకోలేదు, కనీసం టీకి కూడా రానన్నావు. నీ 47కే రెసిస్టర్ నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. ఆదివారం తెచ్చిస్తాను, షాపు తెరిచి ఉంచు.