కళ్లు ఆర్పే పిల్లల గొంతునూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మూడో తరగతి చదువుతున్న మా మనవడు కిందటి ఏడాది వర్షాకాలంలో ఉన్నట్టుండి కళ్లు టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. మొదట టీవీని, తర్వాత సెల్‌ఫోన్‌ను తిట్టుకున్నాం. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీశారు. కళ్లద్దాల దుకాణంలో చూపులో లోపమేమీ లేదని చెప్పి చుక్కల మందు ఇచ్చి పంపారు. బడిలో మాత్రం అది అల్లరిగా కనిపించింది. పాఠం చెబుతుంటే వెక్కిరిస్తున్నాడని వాణ్ని ఒక పూటంతా నిలబెట్టారని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. రెండు నెలలు గడిచాక ఒక పిల్లల వైద్యురాలు, 'ఇది మొదలవక ముందు జ్వరం, గొంతు నొప్పి వచ్చాయా?' అని అడిగారు. అప్పుడు గాని దానికి మూడు వారాల ముందు వచ్చి తగ్గిపోయిన గొంతు నొప్పి మాకు గుర్తు రాలేదు.

ఆ ప్రశ్నకు కారణముంది. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా గొంతులో చేరినప్పుడు, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రొటీన్లు), ఆ బాక్టీరియాలోని కొన్ని పదార్థాలు మన కణజాలాన్ని పోలి ఉండడం వల్ల, కొందరు పిల్లల్లో సొంత శరీరం మీదికే తిరుగుతాయి. గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం ఇలా వచ్చేదే. కదలికలను అదుపు చేసే మెదడు భాగం మీద ప్రభావం పడితే, కాళ్లూ చేతులూ ముఖమూ వాటంతటవే కదిలే సిడెన్‌హామ్ కొరియా వస్తుంది. ఇలాంటి ఇన్ఫెక్షన్ తర్వాత హఠాత్తుగా కళ్లు ఆర్పడం వంటి టిక్స్ (అదుపు లేకుండా పదేపదే వచ్చే కదలికలు), పదేపదే చేతులు కడుక్కోవడం వంటి అలవాట్లు మొదలైన 50 మంది పిల్లల గురించి 1998లో అమెరికాలో వైద్యురాలు సూసన్ స్వీడో బృందం ఒక పరిశోధన వ్యాసం ప్రచురించింది. ఆ స్థితికే పాండాస్ అని పేరు.

దీనిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదన్నదీ చెప్పాలి. కళ్లు ఆర్పే పిల్లల్లో చాలామందికి కారణం అలర్జీయో, చూపు లోపమో, ఏడాదిలోపు దానంతటదే పోయే మామూలు టిక్కో అవుతుంది. గొంతు నొప్పుల్లో కూడా ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే కనుక, ఈ ఉత్తరం చదివి ఎవరూ మందుల దుకాణానికి వెళ్లి యాంటీబయాటిక్ కొని పిల్లలకు వేయవద్దని వేడుకుంటున్నాను.

మా విషయంలో జరిగిన నష్టం ఆలస్యమే. నొప్పి ఉన్న రోజుల్లో గొంతు స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) తీసి, అందులో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్ష చేయిస్తే అది స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్) అవునో కాదో తేలిపోయేది. రెండు నెలల తర్వాత ఒక్కసారి చేసే ఏఎస్ఓ రక్త పరీక్ష (స్ట్రెప్ మీద తయారైన యాంటీబాడీలను కొలిచేది) ఎప్పటిదో పాత ఇన్ఫెక్షన్‌ను కూడా చూపించగలదు కనుక దానితో తేల్చుకోలేం. గాజువాకలోనో మధురవాడలోనో ఉండే కూలి కుటుంబం పిల్లవాడి గొంతు నొప్పి కోసం ఒక రోజు కూలి వదులుకుని నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దాకా రాదు. అందుచేత వార్డుల్లోని పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనే స్వాబ్ తీసి పెద్ద ప్రయోగశాలకు పంపే ఏర్పాటు చేయాలని జిల్లా వైద్య ఆరోగ్య అధికారులను కోరుతున్నాను. స్ట్రెప్ అని తేలితే, జ్వరం దిగిందని మూడో రోజే మానేయకుండా వైద్యులు రాసిన పది రోజుల మందూ పూర్తి చేయించాలి. అది గుండెకూ రక్షణ. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే బృందాలు రుమాటిక్ గుండె జబ్బు కోసం ఎలాగూ చూస్తాయి. కొత్తగా కళ్లు ఆర్పుతున్న పిల్లలను ఈమధ్య గొంతు నొప్పి వచ్చిందా అని అడగడానికి అదనపు ఖర్చేమీ ఉండదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆపు, ఆపు అన్నకొద్దీ ఇది ఎక్కువవుతుంది. వైద్యురాలి చీటీ చూశాక మా వాడి టీచరు వాణ్ని ముందు బల్లలో కూర్చోబెట్టి, చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ వారం నుంచి వాడు బడికి వెళ్లనని ఏడవడం మానేశాడు.

— ఒక విశ్రాంత ఉద్యోగిని,
కంచరపాలెం, విశాఖపట్నం