ఏ.ఎస్. రావు నగర్‌లో ఏ.ఎస్. రావు ఎవరు?

సంపాదకులకు,

హైదరాబాద్‌కు కంప్యూటర్లు తెచ్చింది మేమంటే మేమని నాయకులు వాదించుకోవడం కొత్తేమీ కాదు. ఈ మధ్య ఆ వాదన మళ్లీ చదివాక ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం 1998లో వచ్చింది. దానికి పాతికేళ్ల ముందే, ఊరికి రెండో కొసన ఉన్న కుషాయిగూడ వైపు కంప్యూటర్లు తయారయ్యేవి. ఆ పనికి పునాది వేసినవారు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ఇలా పూర్తి పేరు చెబితే ఎవరాయన అంటారు. ఏ.ఎస్. రావు నగర్ అంటే మాత్రం ఏ ఆటో అతనైనా దారి అడగకుండా తీసుకెళ్తాడు.

ఆయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్‌లో, ఆ తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చి అణు శాస్త్రవేత్త హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో ముంబైలోని ట్రాంబేలో పని మొదలుపెట్టిన అప్సర అణు రియాక్టర్ నియంత్రణ వ్యవస్థ ఆయన ఆధ్వర్యంలో తయారైందే. చైనా యుద్ధం తర్వాత, 1963లో, దేశానికి ఎలక్ట్రానిక్స్ ఏ మేరకు కావాలో తేల్చడానికి భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. శాస్త్రవేత్తలు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతంతో పాటు రావు గారూ అందులో సభ్యులు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా పోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్) మొదలైంది. దాన్ని నిలబెట్టే బాధ్యత రావు గారి మీద పడింది.

టీడీసీ-12 (ట్రాంబే డిజిటల్ కంప్యూటర్) అనే కంప్యూటర్‌ను రూపొందించింది ట్రాంబే శాస్త్రవేత్తలు. దాన్ని సరుకుగా తయారుచేసి ప్రయోగశాలలకు, విద్యాసంస్థలకు అందించింది ఈసీఐఎల్. అయితే మామూలు జనానికి దగ్గరైంది కంప్యూటర్ కాదు, టీవీ. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేసే ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలు. అందులో మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లూ ఉన్నాయి. కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటి వైరు మెష్‌తో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, దాని కింద ఊరందరికీ కలిపి ఒకే టీవీ. ఆ సెట్లు మన ఈసీఐఎల్‌లో తయారైనవే. నగరాల్లోనే చాలామంది ఇళ్లలో టీవీ లేని రోజుల్లో పాలమూరు రైతు తెలుగులో వ్యవసాయ కార్యక్రమం చూశాడంటే చిన్న విషయమా? ఆ తర్వాత ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ ఎన్ని మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిందో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు. కలర్ టీవీల కాలంలో ప్రైవేటు కంపెనీల పోటీకి అది తట్టుకోలేకపోయిన మాటా నిజమే. ప్రభుత్వ రంగ సంస్థ అన్నాక ఆ నెమ్మదితనం ఉంటుంది, దాన్ని దాచి పొగడక్కర్లేదు.

మనం ఓటేసే ఈవీఎం సంగతీ ఇంతే. 1982లో కేరళలోని పరూరులో తొలిసారి వాడారు. ఇప్పుడు దేశానికంతటికీ వాటిని తయారుచేసే రెండు సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. ఓడిన పార్టీ తిట్టడానికి తప్ప ఆ సంస్థ ఎవరికీ గుర్తురాదు.

రావు గారు 2003 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టిన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, పని చేసిన చోటు తెలంగాణలో ఉన్నాయి కాబట్టి ఈయన విషయంలో రెండు ప్రభుత్వాలూ పోట్లాడుకోవాల్సిన పని లేదు. నేను విగ్రహం అడగడం లేదు. విగ్రహాలు చాలానే ఉన్నాయి, వాటి కింద ఏం రాసి ఉందో చదివేవాళ్లే తక్కువ. పాత టీడీసీ యంత్రం, సైట్ టీవీ సెట్, ఈసీ టీవీ, తొలినాటి ఈవీఎం లాంటివి జనం వచ్చి చూడగలిగే చోట పెట్టాలి. చర్లపల్లిలో కొత్తగా కట్టిన రైల్వే టెర్మినల్ ఈసీఐఎల్‌కు దగ్గర్లోనే ఉంది. అక్కడ ఒక గది, అదీ లేదంటే నాలుగు అద్దాల బీరువాలు ఇచ్చినా చాలు. ఈ విషయంలో దక్షిణ మధ్య రైల్వే, ఈసీఐఎల్ అధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాప్రా, హైదరాబాద్