ఆడర్ల చోటు అడిగావు కదా

చిట్టితల్లీ సాహితీ,

నీ మెసేజ్ చూశాను. ఈస్టర్ సెలవులకు వచ్చేటప్పుడు ఫొటోగ్రఫీ క్లబ్ స్నేహితులను కూడా తీసుకొస్తానని, ఇక్కడి వైర్ ఫారెస్ట్ అడవిలో నేను ఆడర్ అనే విషపాములను చూసే గట్టు ఎక్కడుందో మ్యాప్‌లో పిన్ పెట్టి పంపమని అడిగావు. పిన్ పంపను తల్లీ. ఫోన్‌లో వద్దని ఒక్క ముక్కలో తేల్చేస్తే నువ్వు నొచ్చుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ఆడర్ చలికాలం గడపడానికి ఏటా పాత చోటికే చేరుతుంది. దక్షిణపు ఎండ పడే గట్టు, చెట్ల వేళ్ల మధ్య బొరియలు, చుట్టూ ముళ్లపొదలు, ఎండిన బ్రాకెన్ ఫెర్న్ మొక్కలు ఉంటే చాలు. ఫిబ్రవరి చివర్లో, మార్చిలో మగవి ముందు బయటికొస్తాయి. కొన్ని వారాలపాటు వాటికి ఎండ కాగడమే పని, తిండి ఊసే ఉండదు. ఒంట్లో వేడి పుంజుకుంటేనే జతకట్టడానికి సిద్ధమవుతాయి. ఏప్రిల్‌లో కుబుసం విడిచి ఆడవాటిని వెతుక్కుంటూ బయల్దేరతాయి. మనం దగ్గరికెళ్లి బెదరగొట్టిన ప్రతిసారీ ఆ కాస్త ఎండ వాటికి దక్కకుండా పోతుంది. ఎప్పుడో ఒకసారి అంటే సరే. రోజూ ఎవరో ఒకరు కెమెరాతో వచ్చి కూర్చుంటే? చలికాలానికి అనువైన ఇంకో చోటు దగ్గర్లో దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇది నా ఒక్కడి భయం కాదు. బ్రిటన్ అంతటా వాలంటీర్లు ఏళ్ల తరబడి లెక్కపెట్టిన వివరాలతో 2019లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్లు చూసిన చోట్లలో దాదాపు 90 శాతం చోట్ల ఆడర్లు కొద్దిగానే ఉన్నాయి, ఆ కొద్దీ తగ్గుతున్నాయి. ఇలాగే సాగితే 2032 నాటికి కొన్ని చోట్లకే మిగిలిపోవచ్చని అందులో రాశారు. హాని చేస్తున్నవేమిటని అడిగితే వాలంటీర్లు ఎక్కువసార్లు చెప్పింది జనం తాకిడి. ఫొటోలు తీసేవాళ్లం, కుక్కలను వదిలేవాళ్లం, లెక్కపెట్టే మాలాంటివాళ్లం, అందరం ఆ జనంలో ఉన్నాం. అందుకే నేను కూడా గట్టు ఎక్కను. దారి మీదే నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తాను.

మార్చిలో మొదట కనిపించే మగ ఆడర్ మట్టి కొట్టుకుపోయినట్టు మసకగా ఉంటుంది. పక్కటెముకలు విప్పార్చి, ఒళ్లంతా రిబ్బన్‌లా చదును చేసుకుని, ఎండ ఎటు ఉంటే అటు వాలుతుంది. అదే పాము కుబుసం విడిచాక చూడు. వెండిరంగు ఒంటి మీద సిరా పోసినట్టు నల్లటి వంకీల చార. కన్ను రాగి ఎరుపు, అందులో నిలువుగా సన్నని నల్లగీత. ఆడది గోధుమరంగులో ఉంటుంది, ఎండుటాకుల్లో కలిసిపోతుంది. తల మీది మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఆ మచ్చలను బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపడుతూ సిల్వియా షెల్డన్ గారు ఈ అడవిలోనే దశాబ్దాలు పనిచేశారు. దూరం నుంచి తీసిన ఒక్క ఫొటో ఉంటే పామును ముట్టుకోవాల్సిన పనే లేదు. పోయిన ఏడాది చూసినదాన్నే మళ్లీ చూశానని ఫొటోలు పక్కపక్కన పెట్టి నిర్ధారించుకున్నప్పుడు కలిగే సంతోషం నీకూ తెలియాలని నా కోరిక.

కాబట్టి నువ్వు ఒక్కదానివే రా. ఎండ వచ్చీపోయే చల్లటి ఉదయం, గాలి లేని రోజు చూసుకుని వెళ్దాం. ఎండ మరీ ముదిరితే అవి పొదల్లోకి పోతాయి. నీ నీడ వాటి మీద పడకూడదు. మాటలు అంతగా పట్టవు కానీ అడుగుల అదురు నేల గుండా వాటికి తెలుస్తుంది, మెత్తగా నడవాలి. తేదీ, టైము, ఉష్ణోగ్రత, మబ్బు, మగదా ఆడదా అన్నీ రాసుకోవాలి. ఏమీ కనిపించకపోతే సున్నా అని తప్పకుండా రాయాలి. సున్నాలు రాయకుండా వదిలేస్తే ఒక చోట పాములు ఎప్పటినుంచి కనిపించడం మానేశాయో ఎవరికీ తెలియదు. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి ఫొటో తియ్యి, లేకపోతే నువ్వు నోరు విప్పకపోయినా ఫొటోనే చోటు చెప్పేస్తుంది.

నీ స్నేహితులకు నిజంగా ఆసక్తి ఉంటే వాళ్ల కౌంటీలో కప్పలు, పాముల కోసం పనిచేసే వాలంటీర్ గ్రూపులో చేరమను. అక్కడ శిక్షణ ఇచ్చి సర్వేకి తీసుకెళ్తారు.

నానమ్మ ఈ సంగతి వింటే టెన్షన్ పడుతుంది. పల్నాడు పొలాల్లో రక్తపింజర భయంతో బతికిన మనిషి, ఆడర్ దానికి చుట్టమే మరి. బ్రిటన్‌లో ఆడర్ కాటుతో చివరిసారి మనిషి చనిపోయింది 1975లో అని ఆవిడకు చెప్పు. అలాగని అలుసు వద్దు. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం ఏవీ చేయకూడదు. కదలకుండా ఉండి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేయాలి. ఆడర్‌ను చంపడం, గాయపరచడం 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని కూడా ఆవిడకు చెప్పు. పాములకు కూడా చట్టం ఉందా అని ఆశ్చర్యపోతుంది.

కిడర్‌మిన్‌స్టర్ దాకా రైల్లో వచ్చెయ్, స్టేషన్‌కి నేనొస్తాను. మడమలు దాటే బూట్లు తెచ్చుకో. టికెట్ తీసుకోగానే ఏ రోజో చెప్పు.

నీ
నాన్న