స్టీరింగ్ నా చేతిలోంచి లాక్కోనందుకు

ముగ్గురికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఒకాయన మా ఊరివారే, రోజూ కనిపిస్తారు. ఎదురుగా నిలబడి చెప్పబోతే "సర్లేమ్మా, టీ పెట్టు" అని మాట మార్చేస్తారు. రెండో ఆయన గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీల ముఠాకి మేస్త్రి. మూడో ఆయన లారీ డ్రైవరు, పేరు కూడా తెలియదు. ఈ ముగ్గురూ నాకు చేసిన సాయం ఒక్కటే. ట్రాక్టరు ట్రక్కుని వెనక్కి తియ్యలేక నేను తిప్పలు పడుతుంటే, స్టీరింగ్ నా చేతిలోంచి లాక్కోలేదు.

ట్రక్కు అంటే లారీ అనుకునేరు. మా సత్తెనపల్లి వైపు ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని ట్రక్కు అంటాం. కొన్ని వైపుల ట్రాలీ అంటారు.

2025 సంక్రాంతి వెళ్ళిన వారానికి మా ఆయన బైకు మీంచి పడ్డారు. కుడి కాలికి రాడ్ వేశారు, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు. అప్పటికి చేలో తేజ రకం మిరపకాయ ఎర్రబడుతోంది. కోతలు, కళ్ళం, ఎండబెట్టడం, తాలుకాయ ఏరించడం అన్నీ ఎలాగో నెట్టుకొచ్చాం. తీరా టిక్కీలు (కాయ నింపిన గోతాలు) కుట్టేసరికి రేటు లేదు. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టింది కానీ ముందటేడు రేట్లు చూసిన కళ్ళకి అది ఆనలేదు. సరే, కోల్డ్ స్టోరేజీలో పెడదాం అనుకున్నాం. బాడుగ బండి మాట్లాడదామంటే సీజన్లో దొరకదు, దొరికినా బాడుగ ఎక్కువ. ఇంట్లో మహీంద్రా 575 ట్రాక్టరు ఉంది, రెండు చక్రాల ట్రక్కు ఉంది, నాకు లైసెన్సు ఉంది. రోటావేటరు వేసుకుని దున్నిన అలవాటూ ఉంది. ఇంకేం, నేనే తోలుకెళ్తానన్నాను.

పేరేచర్ల మీదుగా గుంటూరు దాకా బాగానే వెళ్ళాను. ముందుకు పోయేటప్పుడు ట్రక్కు ఏ బాధా పెట్టదు, పిల్లలా వెంట వస్తుంది. బాధంతా కోల్డ్ స్టోరేజీలో ప్లాట్‌ఫారం దగ్గర మొదలైంది. రెండు స్తంభాల మధ్యకి వెనక నుంచి పెట్టాలి. అటూ ఇటూ లారీలు. నలుగురు నాలుగు వైపుల నించి "రానీ, రానీ, లెఫ్ట్ కొట్టు, ఆపు, రైట్ కొట్టు" అని అరుస్తున్నారు. ట్రక్కు ఎడమకి పోవాలి కదా అని స్టీరింగ్ ఎడమకి తిప్పాను. అది కుడికి పోయింది. చాలలేదేమో అని ఇంకా తిప్పాను. ఇంకా కుడికి పోయింది. కంగారులో క్లచ్ వదిలేశాను. ట్రాక్టరు, ట్రక్కు రెండూ చాకుమడత పడ్డట్టు దగ్గరికొచ్చి ట్రక్కు మూల మడ్‌గార్డుకి గుద్దుకుంది. రేకు లోపలికి నొక్కుకుపోయింది.

ఇంతలో ఒక కుర్రాడు బండెక్కి "దిగక్కా, నేను పెడతా" అన్నాడు. దిగాను. ఒక్క నిమిషంలో పెట్టేశాడు. "చూశావుగా అక్కా, అంతే" అన్నాడు. నేను చూసింది అతని వీపు. పాపం, అతను మంచికే చేశాడు, అతని మీద నాకు కోపం లేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళ ముసిముసి నవ్వులు సత్తెనపల్లి దాకా నా వెనకే వచ్చాయి.

ఆ సాయంత్రం మా ఆయన్ని పలకరించడానికి బాబాయి వచ్చారు. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరస. ఇటుక బట్టీల్లో ఏళ్ళ తరబడి ట్రాక్టరు తోలిన మనిషి. నొక్కుకుపోయిన మడ్‌గార్డు చేత్తో తడిమి చూసి, "మరి బండి లోపల ఎవరు పెట్టారు?" అని అడిగారు. ఎవరో అబ్బాయి అన్నాను. "వచ్చే వారం ఆ అబ్బాయిని ఎక్కడ వెతుక్కుంటావ్?" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. మర్నాడు నాలుగింటికి తన ఇంటికి రమ్మన్నారు.

వెళ్తే ట్రాక్టరు ఊసే లేదు. వాళ్ళ దొడ్లో మూలన పడున్న ఎద్దుల బండి చూపించి "నొగ పట్టుకుని వెనక్కి నెట్టు" అన్నారు. నొగ అంటే బండి ముందు ఎద్దుల్ని కట్టే పొడుగు కర్ర. నెట్టాను. "ఇప్పుడు నొగని నీ ఎడం చేతి వైపుకి తోస్తా నెట్టు." తోశాను. బండి వెనకభాగం నా కుడిచేతి వైపుకి తిరిగింది. మళ్ళీ ఇటు తోశాను, అటు తిరిగింది. బండి చక్రాల మీద తిరుగుతుంది కాబట్టి నొగ ఎటు పోతే తోక దానికి ఎదురు పోతుంది. చిన్నప్పుడు మా నాన్న ఎద్దుల్ని వెనక్కి నడిపించి బండిని పాకలో పెట్టడం ఎన్నిసార్లు చూడలేదు! "ట్రాక్టరు వెనక హుక్కుంది చూడు, అదే నీ చెయ్యి. స్టీరింగ్ ఎడమకి తిప్పి వెనక్కొస్తే ఆ హుక్కు ఎడమకి పోద్ది. ట్రక్కు ముక్కుని అటు తోసుద్ది. తోక కుడికి రాక ఏం చేసుద్ది?" అన్నారు. ఇరవై నిమిషాలు ఆ బండిని దొడ్డంతా నెట్టించారు. చెమటలు పట్టాయి, నడుము పట్టేసింది. కానీ లెఫ్టూ రైటూ అన్న గొడవ ఆరోజుతో నా బుర్రలోంచి పోయింది, చేతికి తెలిసిపోయింది.

రెండో రోజు ఖాళీ ట్రక్కు తగిలించుకుని పంట తీసేసిన చేలోకి వెళ్ళాం. గోతాల్లో వరిగడ్డి కుక్కి రెండింటిని స్తంభాల్లాగా నిలబెట్టారు. కర్రలు పాతితే గుద్దుతానని భయపడతానట, గడ్డి గోతాలైతే భయం ఉండదట. నిజమే, ఆ సాయంత్రం పద్నాలుగు సార్లు పడగొట్టాను. ప్రతిసారీ వెళ్ళి నిలబెట్టారే తప్ప ఒక్క మాట అనలేదు.

బాబాయి చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది. స్టీరింగ్ పైన కాకుండా కింది అంచున ఒక చెయ్యి పెట్టి, తల వెనక్కి తిప్పి చూస్తూ, ట్రక్కు ఎటు పోవాలో చేతిని అటే జరపాలి. చెయ్యి కింద ఉంది కాబట్టి అది ఎడమకి జరిగితే చక్రం కుడికి తిరుగుతుంది, ట్రక్కు ఎడమకి వస్తుంది. ఇంక లెక్కలేసుకునే పని లేదు. "స్టీరింగ్ వంక చూడమాక, అదెక్కడికీ పోదు. ట్రక్కు వెనక మూల చూడు" అనేవారు. చేతి రేజు, అంటే చేత్తో ఇంజను వేగం పెంచే మీట, పూర్తిగా తగ్గించి, లో రివర్స్‌లో, క్లచ్ మీద కాలు ఉంచుకుని చీమ నడకన రావాలి. మెల్లగా వస్తేనే తప్పు కనిపించినప్పుడు ఆపే టైం ఉంటుంది.

నేను అస్తమానం చేసిన తప్పు ఇంకొకటి. ట్రక్కు తిరగడం మొదలెట్టాక కూడా స్టీరింగ్ అలాగే పట్టుకుని ఉండేదాన్ని. దాంతో మడత పెరిగి పెరిగి టైరుకి తగిలేది. తిరగడం మొదలవగానే స్టీరింగ్‌ని రెండో వైపుకి తెచ్చి, ట్రాక్టరు ట్రక్కు వెంట పోయేలా చెయ్యాలి. మడత ఎక్కువైతే వెనక్కి వస్తూ దాన్ని విప్పడం కుదరదు. ఆపి, ముందుకు తీసుకుని, రెండూ తిన్నగా అయ్యాక మళ్ళీ మొదలెట్టడమే. "ముందుకు తీసుకోడానికి డబ్బులేమన్నా అడుగుతున్నారా?" అన్నారోసారి, నేను మొండిగా వెనక్కే నెడుతుంటే.

నాలుగు చక్రాల ట్రక్కు కూడా నేర్పమన్నాను, ఉత్సాహం ఎక్కువై. దానికి ముందు ఇరుసు కూడా తిరుగుతుంది కాబట్టి రెండు చోట్ల మడత పడుతుంది. "అది వేరే చదువు. నేనే తప్పదంటే తీస్తా, లేకపోతే చుట్టూ తిరిగొస్తా" అన్నారు. అంత అనుభవం ఉన్న మనిషి అలా అనడం నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను.

వెనక్కి తియ్యడం ఒక ఎత్తు, దాని చుట్టూ ఉన్న జాగ్రత్తలు ఒక ఎత్తు. వాటిలో మాత్రం బాబాయి నవ్వులాటకి ఒప్పుకోలేదు. ఒకసారి ట్రక్కు తగిలించడానికి మా మరిది హుక్కు దగ్గర నిలబడి "రానీ వదినా" అన్నాడు. బాబాయి గట్టిగా అరిచి బండి ఆపించారు. మనిషి ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య ఉండగా బండి అంగుళం కూడా కదలకూడదు. పక్కన, పెద్ద టైరు అవతల నిలబడి చెప్పాలి. బండి ఆగి, న్యూట్రల్ చేసి, బ్రేకు వేశానని నేను నోటితో చెప్పాకే పిన్ను పెట్టడానికి లోపలికి రావాలి. పిన్ను పోయిందని మేం ఏడాదిగా ఏదో బోల్టు వేసుకుని తిరుగుతున్నాం. అది తీసి విసిరేశారు. మర్నాడు అసలు పిన్ను, కింద పెట్టే క్లిప్పు, గొలుసు కొనుక్కొచ్చాకే పాఠం సాగింది. బ్రేకులూ అంతే. దుక్కిలో మలుపు కోసం రెండు బ్రేకుల్ని విడదీస్తాం కదా, నేను రోడ్డు మీదకీ అలాగే వెళ్ళొచ్చాను! ట్రక్కు లాగుతూ ఒక్క బ్రేకే తొక్కితే బండి ఆ పక్కకి గిర్రున లాగేస్తుంది. రెండింటినీ కలిపే కొక్కెం వేశావా అని ఇప్పటికీ వీధిలో కనిపిస్తే అడుగుతారు, బాగున్నావా అన్నట్టు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు రెండో లోడు. యాభై టిక్కీలు. అంత ఎత్తు లోడులో వెనక నడిమధ్య ఏమీ కనబడదు, రెండు పక్కలే కనబడతాయి. అదే ప్లాట్‌ఫారం, అవే స్తంభాలు. కిందటిసారి చూసినవాళ్ళు కొందరు అక్కడే ఉన్నారు, నన్ను గుర్తుపట్టారు కూడా.

బాబాయి చెప్పినట్టు ముందు బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూశాను. లారీ నీడలో ఇద్దరు హమాలీలు తువ్వాలు మొహాన కప్పుకుని నిద్రపోతున్నారు, నా ట్రక్కు రావాల్సిన దారికి నాలుగడుగుల దూరంలో. రాత్రంతా లోడు మోసిన మనుషులు. చూడకుండా వచ్చి ఉంటే అన్న ఆలోచన తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ముఠా మేస్త్రి వాళ్ళని లేపి పక్కకి పంపారు. మిగతావాళ్ళు అలవాటుగా అరవబోతుంటే "ఎవరూ నోరెత్తమాకండి. ఒక్కడే చెప్తాడు, నేను" అన్నారు. లెఫ్టు, రైటు అనొద్దు, ట్రక్కు తోక ఎటు రావాలో చెయ్యి చూపించండి చాలు అన్నాను. మీరు నాకు కనబడకపోతే ఆపేస్తానని కూడా చెప్పాను. ఆయన "అట్టాగేనమ్మా" అని, కుడి పక్కన నాకు కనబడే చోట నిలబడ్డారు.

మొదటిసారి వంకర వచ్చింది, ముందుకు తీసుకున్నాను. రెండోసారీ అంతే. వెనక క్యూలో ఎవరో హారన్ కొట్టారు. ఒకతను వచ్చి "నేను ఎక్కనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్క లారీలోంచి దాని డ్రైవరు దిగి "ఆమె బండి ఆమే పెట్టుకుంటది. ఐదు నిమిషాలు ఆగితే మన కొంపలేం మునగవు" అన్నారు. తర్వాత తన మెడలో ఎర్ర తువ్వాలు తీసి కుడి స్తంభానికి నా కంటికి ఆనేంత ఎత్తులో కట్టి, "ఇంకేం చూడమాకమ్మా. ట్రక్కు మూల దీనికి జానెడు ఎడంగా రావాల" అన్నారు. అంతే. బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

నాలుగుసార్లు ముందుకు తీసుకున్నాను. ఐదోసారి తువ్వాలు పక్కనించి ట్రక్కు మెల్లగా జారుకుంటూ లోపలికి వెళ్ళి ప్లాట్‌ఫారానికి బెత్తెడు దూరంలో ఆగింది. చప్పట్లు గిప్పట్లు ఏమీ లేవు. మేస్త్రి "దించండ్రా" అని కేకేశారు, టిక్కీలు దిగడం మొదలైంది.

రసీదు రాయించుకుని బయటికి వచ్చేసరికి ఆ లారీ లేదు. తువ్వాలు స్తంభానికే ఉంది.

మా ఆయన కాలు ఇప్పుడు బాగయింది. మూడో లోడు తనే తోలుకెళ్తానన్నారు, నేను ఇవ్వలేదు. బాబాయి గారికి, మేస్త్రి గారికి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. బాబాయి ఇది చదవరు, వాళ్ళబ్బాయి చదివి వినిపిస్తాడని నా ధీమా. లారీ అన్నయ్యా, మీరు ఎక్కడున్నారో తెలియదు. ఉగాది ముందు గుంటూరులో మిర్చి లోడు దింపుతూ ఒకామెకి తువ్వాలు కట్టి దారి చూపించానని ఏ లారీ డ్రైవరైనా చెప్పుకుంటుంటే చదివేవాళ్ళలో ఎవరైనా వింటే, నాకు కబురు చెయ్యండి. తువ్వాలు ఉతికి, మడతపెట్టి ఉంచాను. కాస్త రంగు వెలిసింది, ఏమనుకోవద్దు.