చెల్లెలి పెళ్లికి ముందు కడగవలసినవి

అనంతపురం,
మే 18.

ప్రియమైన చిన్నీకి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. శ్రావణంలో మీ చెల్లెలి పెళ్లి కుదిరిందని చదివి ఎంత సంతోషించానో, ఆమె చెక్కిళ్ల మీద, గడ్డం కింద మొటిమలు లేచాయని చదివి అంతగా కలవరపడ్డాను. ఏ ఫేస్ మాస్కు వేస్తే తగ్గుతుందో చెప్పమని అడిగావు. నిరుడు ఈపాటికి నేనూ అదే ప్రశ్న పట్టుకుని నాలుగు నెలల పాటు రకరకాల మాస్కులు వేసి చూశాను కాబట్టి, నాకు తెలిసిందంతా వివరంగానే రాస్తున్నాను. మాస్కుల సంగతి తప్పకుండా చెబుతాను. అంతకంటే ముందు, ఆమె ఫౌండేషన్ పూసుకునే స్పాంజిని, బ్రష్షులను ఎక్కడ పెడుతుందో, వాటిని చివరిసారిగా ఎప్పుడు కడిగిందో అడిగి తెలుసుకో.

నేను మొదట వేసుకున్నది ముల్తానీ మట్టి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముల్తాన్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. జిడ్డును పీల్చుకోవడంలో ఆ మట్టికి సాటి లేదన్న మాట నిజమే గానీ, మనమంతా చేసే పొరపాటు ఒకటి ఉంది. మాస్కు బాగా ఎండి, ముఖం బిగుసుకుని, నవ్వితే పగుళ్లు వచ్చేంతవరకు ఉంచుకుంటేనే పనిచేసినట్టు భావిస్తాము. నిజానికి మట్టి తడిగా ఉన్నంతసేపే మనకు మేలు. పూర్తిగా ఎండితే అది జిడ్డుతో పాటు చర్మంలోని తడిని కూడా లాగేస్తుంది. ఈ అనంతపురం మే నెల ఎండల్లో, పైన ఫ్యాను తిరుగుతుండగా, పలుచగా పూసిన మట్టి పది నిమిషాలకే ఎండిపోతుంది. అందువల్ల అంచులు తెల్లబడడం మొదలుకాగానే కడిగేసుకోవాలి. మీ చెల్లెలిది జిడ్డు చర్మమైతే వారానికి ఒకసారి చాలు. పొడి చర్మమైతే అసలు వద్దు.

తర్వాత మా అమ్మ మాట విని శనగపిండిలో నిమ్మరసం పిండి పూసుకున్నాను. ఆ విషయం ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది. మన చర్మం సహజంగానే కొద్దిగా పుల్లని గుణం కలిగి ఉంటుంది. పులుపును కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం; చర్మానికి అది 5 దరిదాపుల్లో ఉంటుంది. నిమ్మరసం పీహెచ్ 2 ప్రాంతంలో ఉంటుంది కనుక అది చర్మానికి చాలా ఘాటైనది. పైగా నిమ్మజాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మంట పుట్టి, ఆ చోట నల్లని మచ్చ పడుతుంది. నేను ముఖం సరిగా కడుక్కోకుండానే మధ్యాహ్నం టవర్ క్లాక్ దాకా నడిచి వెళ్లాను. కుడి చెంప మీద ఏర్పడిన గోధుమరంగు మచ్చ పోవడానికి మూడు నెలలు పట్టింది. పెళ్లికూతురి ముఖానికి నిమ్మరసం తగలనివ్వకు.

సున్నిపిండి గురించి కూడా జాగ్రత్త చెప్పాలి. పాతూరులో మూలికలు అమ్మే అంగడికి వెళ్లి కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు కొని తెచ్చి, పెసలతో కలిపి మర పట్టించాను. వాసన ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అయితే బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుందని, అది చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుందని, బొల్లి మచ్చలకు బావంచాలు వాడి ఎండ చూపించడంలో కిటుకు అదేనని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఒంటికి నలుగు పెట్టుకుని తలంట్లు పోసుకునే పండుగ పూట సంగతి వేరు. రోజూ ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్లే అమ్మాయికి మాత్రం బావంచాలు లేకుండా పట్టించు. పిండిని పలుచని గుడ్డలో జల్లించు, లేకపోతే రవ్వ గీసుకుని మొటిమలు చిట్లుతాయి. మీ కడపలో మంచి పసుపుకు లోటు లేదు కాబట్టి కొమ్ములు కొని దంచించుకో. రంగు కలిపిన పొడి జోలికి పోవద్దు.

షీట్ మాస్కులు, అంటే ద్రవంలో నానబెట్టి ముఖం ఆకారంలో కత్తిరించిన గుడ్డలు, అవి కూడా వాడాను. పది పదిహేను నిమిషాలు ఉంచుకుని, గుడ్డ ఇంకా తడిగా ఉండగానే తీసేస్తే ముఖం నిజంగానే చల్లగా, మెత్తగా అవుతుంది. మొటిమలను మాన్పే శక్తి వాటికి లేదు. నల్లని బొగ్గు మాస్కు, ఎండిన తర్వాత ఊడబెరికేది, ఒక్కసారి వేసుకుని వదిలేశాను. అది మురికితో పాటు ముఖం మీది నూగును కూడా పెరికేస్తుంది.

ఇన్ని చేసినా నా మొటిమలు తగ్గలేదు. తగ్గినట్టే తగ్గి, మళ్లీ అవే చోట్ల, సరిగ్గా నేను స్పాంజితో అద్దుకునే చెక్కిళ్ల మీద, దవడ అంచున లేచేవి. చివరికి చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె నా ముఖం చూసి, మాస్కుల పేర్లన్నీ ఓపికగా విని, ఒకే ఒక్క మాట అడిగారు: ‘‘ఫౌండేషన్ దేనితో పూసుకుంటారు? దాన్ని ఎప్పుడు కడిగారు?’’ నా దగ్గర జవాబు లేదు. బడికి వెళ్లే తొందరలో పొద్దున్నే స్పాంజిని తడిపి, పిండి, ముఖానికి అద్దుకుని, ఆ తడితోనే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వెళ్లిపోయేదాన్ని. ఆరు నెలలుగా అదే స్పాంజి.

ఇంటికి వచ్చి, కూరగాయల కత్తితో దాన్ని నిలువునా రెండు ముక్కలుగా కోశాను. పైన లేత గులాబీ రంగే కనిపించింది. లోపల నడిమధ్యన మాత్రం ఆవగింజ కంటే చిన్నవైన నల్లని చుక్కలు గుంపులుగా ఉన్నాయి. చుట్టూ ఫౌండేషన్ పసుపుపచ్చగా గడ్డకట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముసురు రోజుల్లో ఆరని బట్టల వాసన వచ్చింది. అది బూజు, చిన్నీ. నాలుగు నెలల పాటు సాయంత్రం మాస్కుతో శుభ్రం చేసుకున్న ముఖానికి, తెల్లవారేసరికి నా చేతులతో నేనే ఆ బూజును అద్దుకున్నాను.

ఇది నా ఒక్కదాని సంగతి కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఆస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జనం వాడుతున్న 467 మేకప్ వస్తువులను సేకరించి పరీక్షించి, ఫలితాలను 2019లో వెల్లడించారు. వాటిలో చాలా వాటి మీద బాక్టీరియా కనిపించింది. స్పాంజులలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి. 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవే. తడి, చర్మం నుంచి రాలిన పొట్టు, జిడ్డు, మూత పెట్టిన డబ్బాలోని వెచ్చదనం, ఇవన్నీ ఒక్కచోట దొరికితే సూక్ష్మజీవులకు అంతకంటే ఏం కావాలి?

కాబట్టి స్పాంజిని వాడిన ప్రతిసారీ కడగాలి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి, మూడు నెలలకు ఒకసారి మార్చాలి. ఫౌండేషన్ వంటి తడి మేకప్‌కు వాడే బ్రష్షులను వారం పది రోజులకు ఒకసారి కడిగితే సరిపోతుంది.

ఇక్కడే మన సీమ నీళ్ల సంగతి వస్తుంది. ఈ ముక్క నీకు ఎక్కడా ఎవరూ చెప్పి ఉండరు కనుక శ్రద్ధగా చదువు. మొదటిసారి నేను బ్రష్షులను ఒంటిసబ్బుతో, మా బోరు నీళ్లతో కడిగాను. ఆరిన తర్వాత చూస్తే వెంట్రుకలు జానపనార పీచులాగా బిరుసెక్కి, వాటి మొదళ్లలో సున్నం పట్టినట్టు తెల్లని పొర కనిపించింది. గోటితో గీస్తే జిగటగా అంటుకుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టులాగా మారతాయి. బకెట్టు అంచున పేరుకునే తెల్లని చార అదే. ఆ తెట్టు వెంట్రుకల మధ్య చిక్కుకుంటే మురికిని కూడా తనతో పట్టి ఉంచుతుంది. అంటే కడిగిన బ్రష్షు కడగనిదానితో సమానం. షాంపూకు ఈ ఇబ్బంది లేదు, ఇలాంటి బోరు నీళ్లలో కూడా అది తెట్టు కట్టదు. అందువల్ల పసిపిల్లలకు వాడే మెత్తని షాంపూ రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, తడిపిన బ్రష్షును తలకిందులుగా పట్టుకుని, నురుగులో రంగు దిగడం ఆగేవరకు గుండ్రంగా తిప్పుతాను. బోరు నీళ్లతోనే కడిగేసి, చివరగా ఒక గ్లాసు ఫిల్టరు నీళ్లలో జాడిస్తాను. ఆ ఒక్క గ్లాసుతో ఎంత తేడా ఉంటుందో నువ్వే చూస్తావు; వెంట్రుకలు కొత్తవాటిలాగా విచ్చుకుంటాయి.

కడిగేటప్పుడు వెంట్రుకలనూ కర్రనూ కలిపే రేకు పట్టీ లోపలికి నీళ్లు పోకూడదు. అక్కడ వెంట్రుకలను జిగురుతో అతికిస్తారు; నీళ్లు దిగితే జిగురు వదిలి వెంట్రుకలు ఊడిపోతాయి. అదే కారణంగా, కడిగిన బ్రష్షును గ్లాసులో నిలబెట్టి ఆరబెట్టకూడదు. తువ్వాలు మీద పరిచి, తల భాగం బల్ల అంచు దాటి గాలిలో ఉండేలా, నీడలో పెట్టు. మన ఊళ్లలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రాత్రి పెడితే తెల్లవారేసరికి ఆరిపోతాయి. కనుబొమల పట్టకారు వంటి లోహపు వస్తువులను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి; మందుల అంగడిలో దొరుకుతుంది. అంతకంటే గాఢమైనదైతే తొందరగా ఆవిరైపోతుంది, అందుకే 70 శాతానిదే మేలు.

మాస్కు పూసే బ్రష్షును, గిన్నెను కూడా మరిచిపోవద్దు. ఎండిన మట్టి కుదుళ్లలో గట్టిపడితే తర్వాత ఎంత రుద్దినా రాదు. ఇంట్లో కలిపిన మాస్కు ఏ పూటకు ఆ పూటే కలపాలి. పెరుగో పాలో కలిపి మిగిలినది ఫ్రిజ్‌లో దాచడం వద్దు, చెడిపోకుండా ఆపే మందు అందులో ఏమీ ఉండదు. కొన్న డబ్బాలోంచైతే వేళ్లు ముంచకుండా చెంచాతో తీసుకోమను. ఏ కొత్త మాస్కునైనా మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు చూశాకే ముఖానికి పూయాలి. పెళ్లికి ముందు రెండు వారాల్లో మాత్రం ఏ కొత్తదీ మొదలుపెట్టనివ్వకు.

పెళ్లిరోజు సంగతి రాయకుండా ఉండలేను. రెండేళ్ల కిందట మా బంధువుల పెళ్లిలో మేకప్ చెయ్యడానికి వచ్చిన ఆవిడ పెళ్లికూతురికీ, ఆడపడుచులకూ, నాకూ ఒకే కాటుక పెన్సిలు, ఒకే మస్కారా వాడింది. మూడో రోజుకు నాతో కలిపి ఇద్దరికి కళ్లు ఎర్రబడి రెప్పలు అంటుకుపోయాయి. పెళ్లికూతురికి ఏమీ కాలేదు, అది అదృష్టమే. నువ్వు ముందే మాట్లాడి, కాటుక, మస్కారా, లిప్‌స్టిక్ మీ చెల్లెలివే కొత్తవి కొని ఉంచు. బ్రష్షులు కడిగినవేనా అని మొహమాటం లేకుండా అడుగు. డబ్బులిచ్చేది మనం, ముఖం మన పిల్లది. ఆ మస్కారాను కూడా మూడు నెలలు దాటాక పారెయ్యమను.

ఇప్పటికి నా ముఖం ఎలా ఉందని అడుగుతావు. స్పాంజి పారేసిన ఆరు వారాలకు కొత్త మొటిమలు రావడం ఆగింది. వైద్యురాలు ఇచ్చిన పూతమందు కూడా వాడాను. మీ చెల్లెలికి మొటిమలు పెద్దవై చీము పడుతుంటే నువ్వు కూడా ఆలస్యం చెయ్యకుండా చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లు, ఇంకా రెండు నెలల పైనే సమయం ఉంది.

వచ్చే ఆదివారం మా తమ్ముడు కడప వస్తున్నాడు. బావంచాలు లేకుండా పట్టించిన సున్నిపిండి అరకిలో, రెండు కొత్త స్పాంజులు అతని చేతికి ఇచ్చి పంపుతున్నాను. సున్నిపిండి డబ్బాలో తడి చెంచా పెట్టవద్దని అత్తమ్మకు కూడా చెప్పు. మీ ఇంటి నీళ్లు బోరువో కుళాయివో, సబ్బు నురుగు వస్తుందో లేదో చూసి నాకు రాయి.

ఇట్లు,
నీ హాస్టలు గది నేస్తం.