లొంగని చువ్వ మంచి చువ్వ కాదు

సంపాదకులకు నమస్కారం.

సొంతిల్లు కట్టుకునేవారికి మీ పత్రిక ఇటీవల ఇచ్చిన సూచనల్లో, కాంక్రీటులో వేసే ఇనుప చువ్వల్లో వంచితే లొంగనిదే మేలురకమని ఉంది. లోహాలను సాగదీసి తెంచే యంత్రం దగ్గర పాలిటెక్నిక్ విద్యార్థులకు ఏళ్లతరబడి పాఠం చెప్పినవాడిగా ఆ మాటను ఒప్పుకోలేకపోతున్నాను.

లోహంలో పరమాణువులు వరుసలు తీరి స్ఫటికాలుగా ఉంటాయి. లాగినప్పుడు ఒక పొర మరో పొర మీద జారుతుంది. పొర మొత్తం ఒక్కసారిగా జారాలంటే ఎంత బలం కావాలో 1926లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రెంకెల్ లెక్కగట్టగా, మెత్తని శుద్ధ లోహాలు అందులో వెయ్యో వంతుకే లొంగుతున్నాయని తేలింది. ఈ తేడాకు కారణాన్ని 1934లో టేలర్, ఒరొవాన్, పొలానీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా చెప్పారు: జంపఖానాను ఈడ్చకుండా, దానిలోని ముడతను ఈ కొస నుంచి ఆ కొసకు తోసినట్టు, వరుసల్లోని ఒక లోపం కదులుతూ పోతే చాలు, పొర జరిగిపోతుంది. డిస్‌లొకేషన్ అనే ఈ లోపాలు సాగేకొద్దీ పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడటంతో లోహం గట్టిపడుతుంది, ఆ మేరకు సాగే గుణం తరిగిపోతుంది. రేకును కొడుతూ మధ్యమధ్య కాల్చకపోతే పగులుతుందని బుడితి ఊరి ఇత్తడి పని ఎరిగిన మన శ్రీకాకుళం జిల్లావారికి నేను చెప్పాలా!

మంచి ఉక్కు తెగేముందు ఒకచోట మెడలా సన్నబడుతుంది. లోపల మలినాల చుట్టూ పుట్టిన సూక్ష్మ రంధ్రాలు కలిసిపోయి, చివరికి ఒక ముక్క గిన్నెలా, రెండోది దానిలో ఇమిడే మొనలా విడిపోతాయి. పోత ఇనుము మాత్రం మెడ కట్టకుండానే ఠప్పున విరుగుతుంది. ఇంటికి కావలసింది మొదటి రకం. బరువు మించినప్పుడు అది ముందుగా వంగి, కాంక్రీటులో పగుళ్లు చూపి, లోపలివారికి బయటపడే వ్యవధి ఇస్తుంది.

అలాంటి చువ్వను కొన్నా, పిల్లర్ల కోసం పైకి వదిలినవాటిని దారికి అడ్డమని పక్కకు వంచి, పై అంతస్తు వేసేనాడు పైపు తొడిగి మళ్లీ నిటారుగా లాగడం శ్రీకాకుళంలో తరచూ చూస్తున్నాం. ఆ వంపు దగ్గర సాగే గుణం అప్పటికే కొంత ఖర్చయిపోతుంది. చువ్వ మీద ఉబ్బెత్తుగా ఉండే గీతల మొదట్లో వెంట్రుకవాసి పగుళ్లు కూడా రావచ్చు.

ఇలాంటి చువ్వలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 500 అనే రకానికి తెగేలోపు కనీసం 12 శాతం, ఎక్కువగా సాగే 500డి రకానికి కనీసం 16 శాతం సాగుదల ఉండాలి. దుకాణంలో టెస్ట్ సర్టిఫికెట్ అడిగి ఈ అంకె చూసుకోమని మీ పాఠకులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు, శ్రీకాకుళం