క్లుషినో ఫోటోలో నల్ల జాకెట్ అతను

రేపల్లె,
నవంబరు 4, 2025

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు బాగున్నావని అనుకుంటున్నాం. ఎందుకు అలా రాశానో నీకు తెలుసు కాబట్టి ఇక ఆ సంగతి ఎత్తను. భద్రయ్య మాస్టారి మనవడు పదో తారీఖున మళ్ళీ స్మోలెన్స్క్ వస్తున్నాడు. పచ్చళ్ళతో పాటు ఈ ఉత్తరం కూడా ఇచ్చి పంపుతున్నా. ఈ ఆగస్టు నుంచి అక్కడ వాట్సాప్ కాల్స్‌కి అడ్డు పెట్టారని పేపర్లో చదివాను. సరే, కాల్ వేరు. మెసేజ్‌కి ఏమొచ్చింది? కాగితమైతే ఆవకాయ డబ్బా విప్పేటప్పుడైనా చేతికి తగులుతుంది.

అసలు రాస్తున్నది నువ్వు అక్టోబరు 16న పంపిన ఫోటో గురించి. "క్లుషినో వెళ్ళొచ్చాం" అని రెండే ముక్కలు. పోనీ, రెండు ముక్కలైనా మంచి ఊరి గురించే రాశావు. వెంటనే అట్లాసు తీశాను. నువ్వు ఎనిమిదో తరగతిలో టీ ఒలకబోసిన అట్లాసే. మరక కజకస్తాన్ మీదే ఉంది, రష్యాకి ఏమీ కాలేదు.

నువ్వుండే స్మోలెన్స్క్‌లో పారేది ద్నీపర్. ఆ నీళ్ళు దక్షిణానికి పోయి నల్ల సముద్రంలో కలుస్తాయి. క్లుషినో వెళ్ళాలంటే తూర్పుగా మాస్కో దారిలో వ్యాజ్మా దాటి, గగారిన్ పట్టణంలో దిగి, అక్కడి నుంచి ఉత్తరానికి ఇరవై కిలోమీటర్ల దాకా పోవాలి. ఆ పట్టణం పక్కన పారే గ్జాత్ నది వాజూజాలో కలుస్తుంది, వాజూజా వోల్గాలో, వోల్గా పోయి కాస్పియన్‌లో. అంటే ఆ రోజు నువ్వు ఒక సముద్రానికి పోయే నీళ్ళ దగ్గర బయలుదేరి, ఇంకో సముద్రానికి పోయే నీళ్ళ దగ్గర దిగావన్నమాట. మధ్యలో కొండా లేదు, కనుమా లేదు. గట్టు దాటినట్టు కూడా తెలిసి ఉండదు. ముప్పై నాలుగేళ్ళు సోషల్ చెప్పాను గానీ ఇలాంటి చోట నేనెప్పుడూ కాలు పెట్టలేదు. రైల్లోనే వెళ్ళారా, ఎవరి కార్లోనైనా వెళ్ళారా? కారైతే ఎవరిది? ఊరికే అడుగుతున్నా, భూగోళం కోసం.

ఆ ఊరు చేసుకున్న పాపమల్లా దారి పక్కన ఉండటమే. పడమటి నుంచి మాస్కో మీదికి ఎవరు దండెత్తినా అటే పోవాలి. 1610లో స్మోలెన్స్క్‌ని పోలెండ్ రాజు ముట్టడించి కూర్చుంటే, విడిపించడానికి రష్యా సైన్యం స్వీడన్ వాళ్ళ కిరాయి సైనికుల్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. జులై 4న క్లుషినో దగ్గర పోలెండ్ సేనాని జోల్కియెవ్‌స్కీ ఎదురొచ్చాడు. ఇతని దగ్గర ఏడువేల మంది కూడా లేరు. అవతల దానికి అయిదు రెట్లు. పోలిష్ గుర్రపు దళాన్ని కాసేపు ఆపింది రష్యా ఫిరంగులు కాదు, పల్లెటూరి దడి! మన చేల చుట్టూ కట్టే దడి లాంటిదే. దాని సందుల్లోంచే మళ్ళీ మళ్ళీ దూకారట. చివరికి కిరాయి సైనికులు పోలెండ్ వైపు ఫిరాయించారు. ఆ నెలలోనే మాస్కోలో జార్ షూయిస్కీ గద్దె దిగిపోయాడు. జీతం కోసం కత్తి పట్టినవాడి సంగతి అంతేరా. ఈ మాట మాత్రం గుర్తుంచుకో. ఎందుకు చెబుతున్నానో తర్వాత రాస్తాను.

1812లో నెపోలియన్ కూడా ఆ పక్క నుంచే పోయాడు. దాన్ని వదిలేద్దాం.

అంతరిక్షంలోకి మొట్టమొదట వెళ్ళిన యూరీ గగారిన్ 1934 మార్చి 9న పుట్టింది ఈ ఊళ్ళోనే. తండ్రి వడ్రంగి, తల్లి సమష్టి క్షేత్రంలో పాలు పితికేది. నా చిన్నప్పుడు 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. నా లెక్కల పుస్తకం మీద గగారిన్ ఉండేవాడు, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతూ. అతను మాస్కోలో పుట్టాడనే అనుకునేవాణ్ణి. పెద్ద పనులు చేసినవాళ్ళందరూ పెద్ద ఊళ్ళలోనే పుడతారని అప్పట్లో నా నమ్మకం.

నీ ఫోటోలో వెనక కనబడే కొయ్య ఇల్లు అసలు ఇల్లు కాదు, తెలుసా? అసలుది యుద్ధం అయ్యాక తండ్రి దుంగ దుంగా విప్పి గ్జాత్స్క్ తీసుకెళ్ళి అక్కడ మళ్ళీ నిలబెట్టాడు. ఆ గ్జాత్స్కే 1968లో కొడుకు పోయాక గగారిన్ అయింది. నువ్వు చూసింది తర్వాత కట్టిన నమూనా. 1941 అక్టోబరులో జర్మన్లు ఊళ్ళోకి వచ్చి, వీళ్ళని గెంటేసి ఇల్లు తీసుకున్నారు. పెరట్లో నేల తవ్వి, మూడు మీటర్లకి మూడు మీటర్లు, మన వంటింటి కన్నా చిన్న గుంటలో, దాదాపు ఏడాదిన్నర ఉన్నారు. ఒకటో తరగతిలో చేరి నెల దాటిందో లేదో, పిల్లవాడి చదువు ఆగిపోయింది. 1943 మార్చిలో, అతనికి తొమ్మిదేళ్ళు నిండే రోజుల్లో, ఊరికి విడుదల దొరికింది. కానీ అంతకు ముందే జర్మన్లు పోతూ పోతూ పెద్దకొడుకు వాలెంతీన్‌నీ, కూతురు జోయానీ పట్టుకుపోయారు. వాళ్ళిద్దరూ తప్పించుకుని సొంత సైన్యంలో కలిశారు. ఇంటికి చేరింది మాత్రం యుద్ధం అయిపోయాకే. అందాకా ఆ తల్లి ఆన్నా తిమొఫేయెవ్నా ఏమనుకుని ఉంటుంది? పిల్లలు ఉన్నారనా, పోయారనా?

నీ కబురు లేక మనకి పందొమ్మిది రోజులే అయింది. లెక్క నాది కాదు, మీ అమ్మది. క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కనే చుక్కలు పెడుతోంది.

మీ పెదనాన్న సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదనుకుంటా. 1977 ఉప్పెన అప్పుడు ఆయనకి ఇరవై ఏళ్ళు, అవనిగడ్డలో రైసు మిల్లులో గుమాస్తా. నవంబరు 19 రాత్రి మన పెంకులన్నీ లేచిపోయాయి, నాయనమ్మా నేనూ ధాన్యం గాదె కింద దూరాం. తెల్లారాక తెలిసింది, దివిసీమ మొత్తం ఊడ్చుకుపోయిందని. తాడిచెట్టంత అల వచ్చిందన్నారు. అవనిగడ్డ మనకి ఎంత దూరం? కృష్ణకి అవతల. ఇప్పుడంటే వంతెన ఉంది, అప్పుడు పెనుమూడి రేవులో పడవే. నాయనమ్మ రోజూ రేవుకి నడిచి వెళ్ళి, అవతలి నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేది. "ఎర్రగా, పొడుగ్గా, ఎడం చెవి దగ్గర మచ్చ." ఒకడు చూశానంటాడు, ఒకడు చూడలేదంటాడు, ఒకడు శవాల మధ్య చూశానన్నాడు. వాణ్ణి తిట్టి తిరిగొచ్చింది. ఇంటికొచ్చి ఏడవలేదు, వంట చేసింది. కంచం మాత్రం ఒకటి ఎక్కువ పెట్టేది.

పదకొండో రోజు సాయంత్రం ఆయన తాపీగా నడుచుకుంటూ వచ్చాడు. చంకలో పంచిపెట్టిన దుప్పటి, ఒళ్ళు కాస్త నిండింది కూడా. సహాయ శిబిరంలో గంజి పోయించడానికి పెట్టుకున్నారట. నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి తెడ్డు పట్టుకునే లేచింది. రెండు పడ్డాక "పోస్టాఫీసే కొట్టుకుపోతే ఉత్తరం ఎట్లా రాసేదే!" అన్నాడు. "పోస్టాఫీసు పోతే పడవ లేదా? పడవవాడికి నోరు లేదా?" అంది ఆవిడ. ఆయనేమన్నాడో తెలుసా? "నేను బాగానే ఉన్నానుగా, మీకు తెలిసే ఉంటుందనుకున్నా." ఆ మాటకి మూడోది పడింది. తర్వాత అన్నం పెట్టింది, అది వేరే విషయం. ఆయన కుడి మోచెయ్యి ఇప్పటికీ చలికాలం లాగుతుంది, అడిగి చూడు.

సరే, రాయనన్నది రాసేస్తున్నా. కోటేశ్వరరావు బావమరిది కొడుకు ఎవరితోనో అన్నాడట, మీ హాస్టల్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఏదో పనికి సంతకాలు పెట్టి వెళ్ళిపోయారని. పేర్లు చెప్పలేదు. నువ్వు కాదని నాకు తెలుసు. మీ అమ్మకే టెన్షన్. నిరుడు హెల్పర్ ఉద్యోగమని చెప్పి మనవాళ్ళని తీసుకెళ్ళి యుద్ధంలో పడేసిన సంగతి అన్ని పేపర్లూ రాశాయి. హైదరాబాదు కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. రష్యన్‌లో రాసిన ఏ కాగితం మీదా, అది లైబ్రరీ కార్డయినా సరే, చదవకుండా సంతకం పెట్టకు. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకు. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, పడమటి చేను కౌలు డబ్బు సంక్రాంతికి వస్తుంది. సులువుగా వచ్చే జీతం అంటూ ఎక్కడా ఉండదు... ఇదిగో, మళ్ళీ క్లాసు మొదలుపెట్టానని మీ అమ్మ అంటోంది. ఆపేస్తున్నా.

ఫోటోలో మీరు ముగ్గురూ తెలిసిన మొహాలే. బావి గట్టు మీద చెయ్యేసి నిలబడ్డ నల్ల జాకెట్ అతను ఎవరు? పెద్దది చేసి చూశాను, కళ్ళజోడు పెట్టుకుని చూశాను, బుజ్జి చేత కూడా చూపించాను. చదువుకునే వయసు కాదు. చేతికి రెండు ఉంగరాలు. మీ మాస్టారు అయితే క్షమించమని చెప్పు.

డబ్బాలు నాలుగు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, నాలుగోదాంట్లో సున్నుండలు. సున్నుండలు ముందు తిను, రూమ్మేట్లకి పెట్టు. ఆవకాయ మూత మీద ప్లాస్టర్ చుట్టింది మీ అమ్మ, కత్తితో కొయ్యకు, చెయ్యి తెగుతుంది. మంకీ క్యాప్ అడుగున ఉంది. అక్కడ ఎవరూ పెట్టుకోరని నాకూ తెలుసు. గదిలో పెట్టుకో.

జవాబు రాయడానికి బద్ధకమైతే ఆ నల్ల జాకెట్ అతని పేరొక్కటి పంపు. ఆ బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయా, మనవాటిలా ఉప్పగా ఉన్నాయా అన్నది తర్వాత రాద్దువు గాని.

ఇట్లు,
నాన్న